కోరంగి ఎప్పుడు మారుమూల అయింది?

గోల్కొండ బజార్లనుంచి మచిలీపట్నం రేవుకు పోయే దారి మీద చార్మినార్ కట్టారని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. 1591 నాటి మాట. అంటే ఇవాళ మనం గాజులకీ, బిర్యానీకీ, సెల్ఫీలకీ వెళ్లే ఆ చౌరస్తా ఒకప్పుడు సముద్రానికి వెళ్లే దారిలో ఒక మజిలీ. మా ఇల్లు శాలిబండలో, చార్మినార్‌కి నడిచి పోయేంత దూరం. ఇన్నేళ్లుగా ఆ పక్కనుంచి పోతున్నా, ఈ ఊరికి సముద్రంతో ఏదో సంబంధం ఉందని ఎప్పుడూ తోచలేదు. జనవరిలో కోరంగి అభయారణ్యం చూసి రావడానికి మేం నలుగురం స్నేహితులం ప్లాన్ వేసుకుంటున్నప్పుడే అది తోచింది. ప్లానింగ్ నా నెత్తిన పడింది. ఎవరిని సలహా అడిగినా ముందు ఒకే మాట: "అంత మారుమూలకా?"

ఈ వ్యాసం ఆ మాట గురించి. ఒక చోటు మారుమూల ఎలా అవుతుంది?

ముందు ప్రయాణం సంగతి. అది తేలికే. రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి కాకినాడ. (గౌతమి అంటే గోదావరి పాయ. ఏ పాయ మొగ దగ్గరికి మనం వెళ్తున్నామో దాని పేరే బండికి పెట్టారు.) అక్కణ్ణించి యానాం రోడ్డు మీద పద్దెనిమిది కిలోమీటర్లు. మడ అడవిలోకి చెక్కలతో కట్టిన నడక దారి ఉంటుంది. దాని కిందంతా బురద, బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి పొడుచుకొచ్చిన మడ చెట్ల వేళ్లు. ఉప్పు బురదలో గాలి ఆడదు కాబట్టి ఆ చెట్టు వేళ్లను పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. తిల్ల చెట్టు కొమ్మ విరవకండి, ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం. బావురు పిల్లిని చూస్తామని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. అది రాత్రి తిరిగే జంతువు, చేపలు పట్టుకు తినే పిల్లి. టూరిస్టులకు ఎక్కువగా కనిపించేది బోర్డు మీద దాని బొమ్మే. నీటికుక్కలు, నక్కలు, కొంగలు, లకుముకి పిట్టలు అదృష్టాన్ని బట్టి. బురద మేటల మీద మేసే పిట్టలు కావాలంటే ఆటుపోట్ల పట్టిక చూసుకుని, నీళ్లు వెనక్కి తీసినప్పుడు వెళ్లాలి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు హోప్ ఐలాండ్ ఇసుకలో గుడ్లు పెడతాయి.

ఆ హోప్ ఐలాండ్ దగ్గరే నా ప్లానింగ్ ఆగిపోయింది. కాకినాడ ఎదురుగా సముద్రంలో తోకకప్ప ఆకారంలో ఉన్న ఆ ఇసుక దిబ్బ వయసు సుమారు రెండొందల ఏళ్లే. గోదావరి తెచ్చి పోసిన ఇసుక, మట్టితో ఏర్పడింది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో కోరంగి ఊరికి ఎదురుగా నేరుగా బంగాళాఖాతమే ఉండేది. ఇవాళ అదే ఊరు లోపలికి జరిగిపోయినట్టు ఉంటుంది. ఊరు కదల్లేదు, సముద్రమే దూరం జరిగింది.

ఆ ఊరు ఊరికే కూర్చున్న ఊరు కాదు. మన తూర్పు తీరంలో ఓడలు నిలవడానికి సహజమైన ఆశ్రయాలు తక్కువ. చాలా చోట్ల ఓడ దూరంగా లంగరేసుకుంటే, పడవల్లో సరుకు దించుకోవలసిందే. కోరంగి దగ్గర అఖాతం నెమ్మదిగా ఉండేది. కలకత్తాకీ, సింహళంలోని ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడల్ని లోపలికి తెచ్చి మరమ్మతు చేసుకోడానికి వీలైన అరుదైన చోటు అది. ఓడలు కట్టేవాళ్లు అక్కడే ఉండేవాళ్లు. చుట్టుపక్కల ఊళ్లలో నేతగాళ్లు. పక్కనే ఇంజరంలో ఇంగ్లిషు వాళ్లు 1708లో గిడ్డంగి పెట్టుకున్నారు. యానాంలో 1720ల్లో ఫ్రెంచివాళ్లు దిగారు. కాకినాడ జగన్నాథపురంలో డచ్చివాళ్లు. ఇరవై, ముప్పై కిలోమీటర్ల మేరలో మూడు యూరప్ దేశాలు బట్ట కోసం కాచుక్కూచున్నాయంటే అది మారుమూల ఎలా అవుతుంది?

1789 డిసెంబరులో తుపాను వచ్చింది. ఒకదాని వెనక ఒకటి మూడు పెద్ద అలలు ఊరి మీద పడ్డాయని అప్పటి కథనాలు. ఇరవై వేల మంది పోయారని సాధారణంగా చెప్పే లెక్క. తర్వాత కొన్ని దశాబ్దాలకు, కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన బంగాళాఖాతం తుపాన్ల గురించి నావికుల లాగ్ పుస్తకాలు పోగేసి చదివాడు. కోరంగి తుపాను కూడా ఆయన పరిశీలించిన వాటిలో ఒకటి. గాలి నేరుగా వీచదు, చుట్టు తిరుగుతుంది అని గట్టిగా చెప్పాల్సి వచ్చి, పాము చుట్టను తలపించే గ్రీకు మాట నుంచి 'సైక్లోన్' అనే పదం తయారుచేశాడు. 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంతో ఆ మాట ప్రచారంలోకొచ్చింది. ఇవాళ ప్రయాణానికి ముందు ఫోన్లో వెదర్ యాప్ తెరిచి చూసుకునే మాట అది. దాని పుట్టుకలో మనం చూడబోయే ఊరి చావులు కూడా ఉన్నాయి.

1839 నవంబరు 25న ఇంకోటి. నలభై అడుగుల ఉప్పెన, ఇరవై వేల పడవలు ధ్వంసం, మూడు లక్షల మంది మృతి. ప్రపంచంలోని ఘోరమైన తుపాన్ల జాబితా ఏది తీసినా ఈ అంకెలు ఉంటాయి. నాకు మాత్రం ఆ మూడు లక్షల దగ్గర నమ్మకం కుదరదు. ఒక రేవు పట్టణం, దాని చుట్టూ ఉన్న లంక ఊళ్లు కలిపినా అంత మంది ఉండేవాళ్లా అన్నది అనుమానం. ఆ అంకె ఒక జాబితాలోంచి ఇంకో జాబితాలోకి కాపీ అవుతూ వచ్చిందనే అనిపిస్తుంది. అంకె ఎంతైనా విపత్తు పెద్దదే. కానీ సున్నాలు పెరిగేకొద్దీ కథ సులువైపోతుంది. 'మహా రేవు, మహా తుపాను, మర్నాటికి అడవి.' టూరిజం వ్యాసాలన్నీ ఇలాగే ముగిస్తాయి.

అలా జరగలేదు. 1789 తర్వాత జనం మళ్లీ కట్టుకున్నారు. 1802లో రోబక్ అనే ఇంగ్లిషాయన అక్కడ బోలెడు ఖర్చు పెట్టి ఓడల మరమ్మతుకు డాక్ కట్టించాడు. తుపానుతో చచ్చిపోయిన ఊళ్లో పదమూడేళ్లకి ఎవడూ డాక్ కట్టడు. 1830ల్లో తెలుగు కూలీలను మారిషస్ తీసుకుపోయిన ఓడల్లో ఒకదాని పేరు 'కొరింగా ప్యాకెట్'. అంటే ఊరి పేరు సముద్రం మీద ఇంకా చెలామణీలోనే ఉంది.

రేవును చంపింది మట్టి. గోదావరి ఏటా తెచ్చిన ఒండ్రు రేవు మొగలో పేరుకుంటూ పోయింది. అదే కాలంలో ఓడలు పెద్దవయ్యాయి, వాటికి లోతు నీళ్లు కావాలి. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువలు తవ్వారు, డెల్టా పంట కాలువ పడవల్లో కాకినాడకి చేరడం మొదలైంది. 1860ల్లో అమెరికాలో అంతర్యుద్ధం వల్ల పత్తి కరువొచ్చి, ఇక్కడి పత్తికి గిరాకీ పెరిగితే ఆ లాభమూ కాకినాడదే. తర్వాత రైలూ అక్కడికే వచ్చింది. కోరంగి మీద కోపంతో ఎవరూ ఏమీ చేయలేదు. ప్రతి నిర్ణయమూ దానికి కొన్ని మైళ్లు పక్కగా జరిగిపోయింది, అంతే. తుపాను ఒక్క రాత్రి పని, మారుమూల కావడం యాభై ఏళ్ల పని.

ఇంకో సంగతి. రేవును పూడ్చిన ఒండ్రు ఏ నది తెచ్చిందో, మడ చెట్లు వేళ్లూనుకున్న బురద కూడా ఆ నది తెచ్చిందే. చెక్క దారి మీద నడుస్తూ మనం ఫొటోలు తీసుకునే అడవినీ, ఆగిపోయిన వ్యాపారాన్నీ విడదీసి చూడలేం.

మరి మనుషులు? వాళ్లు వెళ్లిపోయారు. బర్మాలో తెలుగువాళ్లను 'కోరంగీలు' అనేవాళ్లు. శ్రీకాకుళం వాడైనా, విశాఖ వాడైనా అక్కడ కోరంగీనే. రేవు పూడిపోయాక కూడా దాని పేరు పరాయి దేశంలో ఒక జాతి పేరుగా, కొంచెం చిన్నచూపుతో, మిగిలింది. రంగూన్ రేవులో బస్తాలు మోసింది వీళ్లే. 1930 మే నెలలో కూలి పెంచమని తెలుగు కూలీలు సమ్మె చేస్తే యజమానులు బర్మా వాళ్లను పనిలో పెట్టుకున్నారు. సమ్మె తేలాక వాళ్లను పంపేసి మళ్లీ వీళ్లను పిలిచారు. ఆ గొడవ అల్లర్లుగా మారి వందకు పైగా ప్రాణాలు పోయాయి. ఎక్కువమంది మనవాళ్లే. 1942లో జపాన్ దాడి వచ్చినప్పుడు వేలాదిమంది కొండలు, అడవులు దాటి నడిచొచ్చారు. వన్యప్రాణి యాత్రలో ఈ వలస గురించి చెప్పే గైడు ఉంటాడని నేను అనుకోను.

ఇటువైపు హైదరాబాద్ కథ కూడా చూడాలి. కుతుబ్ షాహీల కాలంలో మచిలీపట్నం ఈ నగరపు సింహద్వారం. ఆసఫ్ జాహీల తొలినాళ్లలో ఉత్తర సర్కార్లు కాగితం మీద హైదరాబాద్‌వే. 1753లో సలాబత్ జంగ్ వాటిని ఫ్రెంచి సేనాని బుస్సీకి సైన్యం ఖర్చుల కింద ఇచ్చాడు. తర్వాత అవి ఇంగ్లిషు వాళ్ల చేతిలోకి పోయాయి. 1766లో నిజాం అలీ ఖాన్ ఒప్పందం రాసిచ్చాడు. ఏటా కట్టాల్సిన సొమ్మును కూడా 1823లో ఏకమొత్తంగా ఇచ్చేసి కంపెనీ లెక్క తెంచుకుంది. ఆ తర్వాత హైదరాబాద్‌కి సముద్రం లేదు. కోరంగి మనకు మారుమూల కావడంలో నది పాత్ర సగమైతే, పాతబస్తీ దేవిడీల్లో సంతకాలు పెట్టిన కాగితాల పాత్ర మిగతా సగం.

ఇక అభయారణ్యం అనే మాట. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. తుపానుకు ఓడ బద్దలై సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే రాజులు దాన్ని పట్టుకునేవారనీ, తాను మాత్రం న్యాయమైన సుంకం తప్ప ఏమీ తీసుకోననీ వర్తకులకు మాటిచ్చాడు. దాన్ని 'అభయ శాసనం' అంటారు. మన తీరంలో అభయం అనే మాట తుపాను బాధితుల కోసం వాడింది. 1978లో 235 చదరపు కిలోమీటర్ల మేర కోరంగిని అభయారణ్యం చేసినప్పుడు ఆ మాట జంతువుల పక్షం చేరింది. తప్పేమీ లేదు, వాటికీ కావాలి. కానీ ఆ చుట్టుపక్కల మత్స్యకారుల ఊళ్లున్నాయి. వాళ్లు వంటకి కట్టె తెచ్చుకునేదీ, పీతలూ రొయ్యలూ పట్టుకునేదీ ఆ పాయల్లోనే. రక్షిత ప్రాంతం అంటే వాళ్లకి కొన్ని పనులు నేరమవడం.

అడవి వాళ్లకీ అక్కరే. 1996 నవంబరు తుపానులో కాకినాడ, యానాం, కోనసీమ తీరంలో వెయ్యిమందికి పైగా పోయారు, వేటకెళ్లి తిరిగిరాని వాళ్లు ఎందరో. మడ అడవి అడ్డున్న చోట దెబ్బ తగ్గిందని స్థానికులూ, పరిశోధకులూ ఇద్దరూ చెబుతారు. అయినా 2020లో కాకినాడ శివారు దుమ్ములపేట దగ్గర ఇళ్ల పట్టాల కోసం మడ చెట్లు కొట్టేశారు. వ్యవహారం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయింది. అక్కడ ఇల్లు అడిగేది పేదవాడే. రేపు ఉప్పెనొస్తే ముందు మునిగేదీ ఆ ఇల్లే. పులినో పిల్లినో కాపాడటం ఒక వైపు, మనిషిని కాపాడటం ఇంకో వైపు అని గీత గీస్తే ఈ తీరంలో ఆ గీత నిలవదు.

అందుకని మా ప్లాన్ కొంచెం మార్చాను. రెండు రోజుల్లో ఒక పూట అడవికి, ఒక పూట పడవకి. మిగిలిన పూటల్లో ఒకటి కోరంగి ఊరికి, ఒకటి ఇంజరం మీదుగా యానాంకి. కోరంగిలో చూడ్డానికి ఏముంది అని మావాళ్లు అడిగారు. టికెట్ పెట్టేంత ఏమీ లేదు. ఓడలు కట్టిన చోట ఊరు ఉంది, అందులో మనుషులున్నారు. వాళ్లతో కాసేపు మాట్లాడాలని ఉంది. వాళ్ల ఇళ్లల్లో రంగూన్ వెళ్లిన తాతలు ఉండే ఉంటారు. మీరూ వెళ్తే అక్టోబరు, నవంబరు వద్దు, అది తుపాన్ల కాలం. ప్లాస్టిక్ తీసుకెళ్లకండి. అడవికి ఇచ్చినంత సమయం ఊరికీ ఇవ్వండి.