అంబరు అనే మాట కథ



ఈవేళ ఒక చిన్న మాట గురించి చెప్పుకుందాం. ఆ మాట అంబరు. ఇది మనకి బొత్తిగా కొత్తదేమీ కాదు. కూడలిలో ఎరుపుకీ ఆకుపచ్చకీ నడుమ వెలిగే దీపాన్ని అంబరు లైటు అంటారు. టానిక్కు సీసా ముదురు గోధుమరంగులో వుంటే అది అంబరు గాజు. వెలుతురు తగిలితే చెడిపోయే మందులకి ఆ రంగు కాపలా అన్నమాట. చార్మినారు దగ్గర అత్తర్లు అమ్మేచోట అంబరు అత్తరు చూపిస్తారు. నగల దుకాణంలో తేనెరంగు పూసల దండ తీసి, ఇదీ అంబరే అంటారు. దీపానికీ సీసాకీ పూసల రంగును బట్టి ఆ పేరు వచ్చింది, బాగానే వుంది. మరి అత్తరుకీ పూసకీ ఒకే పేరేమిటి?

ముందుగా ఒక సందేహం తీర్చుకుందాం. ఆకాశమనీ వస్త్రమనీ అర్థాలున్న మన అంబరానికీ దీనికీ చుట్టరికం లేదు. పీతాంబరం వేరు, ఈ అంబరు వేరు. అలాగే 1950లలో ఖాదీ కేంద్రాలలో ప్రచారంలోకి వచ్చిన అంబర్ చరఖా కూడా వేరే. దాన్ని తయారుచేసిన తమిళుడు ఏకాంబరనాథన్ పేరు మీదుగా ఆ పేరు వచ్చింది.

మనం చెప్పుకునే అంబరు అరబ్బీ మాట నుంచి వచ్చింది. అరబ్బులు 'అన్బర్' అన్నది పూసని కాదు, ఒక సుగంధ ద్రవ్యాన్ని. అది పుట్టేచోటు చెబితే ముక్కు మూసుకుంటారేమో! స్పెర్మ్ వేల్ అనే పెద్ద తిమింగిలం పేగులలో అది తయారవుతుంది. ఆ తిమింగిలం స్క్విడ్ అనే సముద్రప్రాణిని తింటుంది. దాని గట్టి ముక్కులు అరగవు. వాటి చుట్టూ పేరుకున్న పదార్థం బయటపడినప్పుడు నల్లగా, దుర్వాసనతో వుంటుంది. ఏళ్ళ తరబడి ఉప్పునీటిలో తేలుతూ, ఎండకి ఎండుతూ బూడిదరంగుకి తిరిగి పరిమళం పట్టుకుంటుంది. అత్తరులో కొంచెం కలిపితే వాసన త్వరగా ఎగిరిపోదు. అందుకే దానికి అంత ధర.

ఈ మాట అరబ్బీ నుంచి లాటిను, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లీషులోకి వెళ్ళింది. ఉత్తర ఐరోపాలో బాల్టిక్ సముద్రపు ఒడ్డుకి తేనెరంగు ముక్కలు కొట్టుకువస్తూ వుంటాయి. అదీ ఒడ్డునే దొరుకుతుంది, ఇదీ ఒడ్డునే దొరుకుతుంది. కాల్చితే రెండూ వాసన వేస్తాయి. రెండూ ఖరీదైనవే. ఇంకేం, రెండింటికీ ఒకే పేరు కట్టేశారు. ఫ్రెంచివారు బూడిద అంబరు, పసుపు అంబరు అని విడదీసి చెప్పుకున్నారు. చివరికి పేరు అసలుదాన్ని వదిలి పసుపుదానికే నిలిచిపోయింది.

ఇంతకీ ఆ పసుపు అంబరు ఏమిటి? రాయి కాదు. చెట్టు కార్చిన జిగురు. మన వంటింట్లో వాడే తుమ్మబంక నీళ్ళలో కరుగుతుంది, గుగ్గిలం కరగదు. అంబరు గుగ్గిలం జాతిది. భూమిలో కోట్ల సంవత్సరాలు వుండి గట్టిపడింది. బాల్టిక్ అంబరు వయస్సు 4 కోట్ల ఏళ్ళ పైమాటే. దూరం పోనక్కరలేదు, గుజరాత్‌లో లిగ్నైటు గనులలో 5 కోట్ల ఏళ్ళనాటి అంబరు దొరికింది. అందులో చిక్కుకుపోయిన వందల కొద్దీ పురుగుల వివరాలను శాస్త్రజ్ఞులు 2010లో ప్రకటించారు. ఆ జిగురు కార్చిన చెట్లు మన గుగ్గిలం చెట్టు కుటుంబానివేనని తేల్చారు.

అంబరు అనేది పొరపాటున అతికిన పేరైతే, ఆ వస్తువుకి దాని గుణాన్ని చూసి పెట్టిన పేర్లు వేరే వున్నాయి. నాకు ముచ్చట కలిగించేవి అవే. అంబరును గుడ్డతో రుద్దితే గడ్డిపరకల్నీ పొట్టునీ లాక్కుంటుంది. అందుకని పారశీకులు దాన్ని 'కహ్‌రుబా' అన్నారు. గడ్డిని లాక్కునేది అని అర్థం. సంస్కృత నిఘంటువులలో 'తృణమణి' అని వుంది. తృణమంటే గడ్డిపోచే కదా!

రోము దేశపు పండితుడు ప్లినీ క్రీ.శ. 79లో చనిపోయాడు. ఆయన వ్రాసిన గ్రంథంలో ఒక చిన్న సంగతి వుంది. సిరియా దేశంలో ఆడవాళ్ళు అంబరుతో కదురు బిళ్ళలు చేసుకునేవారట. అది ఆకుల్నీ పొట్టునీ బట్టల అంచు దారాల్నీ పట్టి లాగుతుంది కనుక దానికి లాక్కునేది అని పేరు పెట్టుకున్నారట. బడిలో తకిలీ తిప్పినవారికి కదురు బిళ్ళ అంటే తెలుస్తుంది. కదురు గిర్రున తిరుగుతుంటే బట్టకి రాసుకుంటుంది, నూగు వచ్చి అంటుకుంటుంది. ఆ విసుగు పని చేసే చేతులే ఆ గుణాన్ని కనిపెట్టి, పేరు కూడా పెట్టాయి.

పాఠ్యపుస్తకాలలో మాత్రం ఈ కథ క్రీ.పూ. 6వ శతాబ్దపు గ్రీకు తత్త్వవేత్త థేలీజుతో మొదలవుతుంది. తరువాత ఎలిజబెత్ రాణి వైద్యుడు విలియం గిల్బర్టు వస్తాడు. ఆయన 1600లో ప్రకటించిన గ్రంథంలో, రుద్దితే అంబరులాగ తేలిక వస్తువుల్ని ఆకర్షించే పదార్థాలకి ఒక లాటిను మాట వాడాడు. గ్రీకులో అంబరుని 'ఎలెక్ట్రాన్' అంటారు, దానిలోంచి తీసిన మాట అది. 'ఎలక్ట్రిసిటీ' అక్కడినుంచి వచ్చిందే. అరబ్బీలో నేటికీ కరెంటుని 'కహ్‌రబా' అంటారు. అదే మన గడ్డిపోచల పేరు! మనం మాత్రం మెరుపుని చూసి విద్యుత్తు అన్నాం. ఎవరు ముందు చూశారో తేల్చే దారి లేదు. కాని నూలు వడికే ఆడవాళ్ళు చూసిందీ, పండితులు చూసిందీ ఒకటే. ఒకరి పేరు పుస్తకాలకెక్కింది. ఆ ఆడవాళ్ళలో ఒక్కరి పేరూ మనకి తెలియదు.

చలికాలంలో నైలాను చీర విప్పుతుంటే చిటచిటమంటుంది చూశారా? పొడి జుట్టు దువ్విన ప్లాస్టిక్ దువ్వెన కాగితం ముక్కల్ని లాగుతుంది చూశారా? అదంతా ఆ కదురు బిళ్ళ గుణమే. పిల్లలకి చేసి చూపించండి. చూపిస్తూ కదురు సంగతి కూడా చెప్పండి.

చివరగా కొనుగోలు విషయం. పేరు ఒకటి, వస్తువు వేరొకటి అయినచోట మోసానికి దారి దొరుకుతుంది. ఈ రోజుల్లో సెంటు సీసా మీద అంబరు అని వుంటే సాధారణంగా అందులో తిమింగిలమూ లేదు, పూసా లేదు. లాబ్డనం అనే చెట్టు జిగురు, సాంబ్రాణి, వెనిల్లా వంటివి కలిపిన పరిమళం అది. ఎవరైనా రహస్యంగా అసలైన తిమింగిలపు అంబరు అమ్ముతానంటే దగ్గరికి రానివ్వకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద దాన్ని అమ్మినా, కొన్నా, దాచుకున్నా నేరమే.

పూసల సంగతికి వస్తే, గ్లాసు నీళ్ళలో ఇక కరగదనేంత ఉప్పు కలిపి ఒక విడి పూస వేసి చూడండి. అంబరు తేలుతుంది. గాజు, చాలారకాల ప్లాస్టిక్ మునిగిపోతాయి. తేలినదల్లా అసలుదని కాదు గాని, మునిగినది కాదని మాత్రం తెలుస్తుంది.

ఇంకొకమాట. గొంతు జబ్బులకి మంచిదని ఇటలీ పల్లెపడుచులు అంబరు దండలు వేసుకునేవారని ప్లినీయే వ్రాశాడు. ఆ నమ్మకం లాంటిదే నేడు పళ్ళు వచ్చే పసిపిల్లలకి అంబరు దండ వేయమంటూ బజారుకి వచ్చింది. దండ మెడకి బిగుసుకోవచ్చు, పూస గొంతులో పడవచ్చు. అమెరికా ప్రభుత్వపు ఆహార, ఔషధ శాఖ 2018లో దీనిపై హెచ్చరిక చేసింది. పూసలు మనకి అలంకారం, పసివాళ్ళ మెడకి కాదు.

ఇకమీదట అంబరు అన్న మాట వినబడితే, ఏ అంబరు అని ఒక్కమాట అడగండి. సెలవు.