వాల్ స్ట్రీట్ పక్కన రెండెకరాల చేను

న్యూయార్క్‌లో బహిరంగ స్థలంలో ఒక కళాకృతి చేసే పనిని 1982లో పబ్లిక్ ఆర్ట్ ఫండ్ అనే సంస్థ ఏగ్నెస్ డెనెస్‌కు అప్పగించింది. ఉన్న శిల్పాలకు తోడు మరొకటి నిలబెట్టడం ఆమెకు ఇష్టం లేకపోయింది. మన్‌హటన్‌లో గోధుమ చేను వేస్తానన్నారు.

ఆ ఆలోచన అప్పటికప్పుడు పుట్టింది కాదు. బుడాపెస్ట్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన డెనెస్, 1968లోనే న్యూయార్క్ రాష్ట్రంలోని సలివన్ కౌంటీలో వరి విత్తారు, చెట్లకు గొలుసులు చుట్టారు, తాను రాసిన హైకూలను మట్టిలో పాతిపెట్టారు. మనిషికీ నేలకూ ఉన్న సంబంధం గురించి ఆమె అప్పటి నుంచే పని చేస్తున్నారు. ఈసారి మాత్రం దాన్ని డబ్బు రాజ్యమేలే చోటికి తీసుకొచ్చారు.

దొరికిన స్థలం బ్యాటరీ పార్క్ పక్కనున్న మెరక. వరల్డ్ ట్రేడ్ సెంటర్ పునాదులు తవ్వినప్పుడు వచ్చిన మట్టీ రాళ్లూ పోసి నదిని పూడ్చిన చోటు అది. అప్పట్లో ఒకవైపు ఆ సెంటర్ జంట భవనాలు, కూతవేటు దూరంలో వాల్ స్ట్రీట్, నీళ్ల అవతల స్వేచ్ఛా విగ్రహం. ఆ భూమి విలువ 450 కోట్ల డాలర్లని డెనెస్ చెప్పేవారు.

అలాంటి నేలలో గింజ మొలవడమే కష్టం. సుమారు 200 లారీల మట్టి తోలించారు. డెనెస్, ఆమె సహాయకులు రాళ్లూ చెత్తా చేత్తోనే ఏరి, 285 చాళ్లు తీసి, మే నెలలో విత్తనాలు వేశారు. నీటి ఏర్పాటు చేసుకున్నారు. కలుపు తీశారు, ఎరువు వేశారు. కాటుక తెగులు సోకిన కంకులను ఏరేశారు, బూజు తెగులుకు మందు కొట్టారు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. గోధుమను బొమ్మగా గీసి ఉంటే తెగులు భయం ఉండేది కాదు. ఇక్కడ కళాకారిణి కూడా రైతులాగే ఆకాశం వంక చూడాల్సి వచ్చింది.

ఆగస్టు 16న కోత కోశారు. వెయ్యి పౌండ్లకు పైగా, అంటే దాదాపు నాలుగున్నర క్వింటాళ్ల గింజలు వచ్చాయి. రెండెకరాలకు అది తక్కువ దిగుబడేనని ఏ రైతైనా అంటాడు. కానీ అది రాళ్లూ చెత్తా నిండిన మెరకలో, నాలుగు నెలల్లోపే తీసిన పంట! గడ్డిలో కొంత నగర పోలీసుల గుర్రాలకు మేతగా వెళ్లింది. చేను ఉన్నచోట తర్వాత బ్యాటరీ పార్క్ సిటీ భవనాలు లేచాయి. ఇలా జరుగుతుందని మొదటి నుంచీ తెలిసిందే. తెలిసీ విత్తారు కనుకనే, తిండి గింజ కన్నా ఇంటి స్థలం ఎప్పుడు విలువైందైపోయిందన్న ప్రశ్న అంత గట్టిగా తగిలింది.

గింజలు 1987 నుంచి 1990 వరకు, ప్రపంచంలో ఆకలి తీరాలని కోరే ఒక కళా ప్రదర్శనతో పాటు 28 నగరాలు తిరిగాయి. చూడవచ్చినవాళ్లు గుప్పెడు గింజలు తీసుకెళ్లి తమ తమ నేలల్లో చల్లుకున్నారు. 2015లో ఇటలీలోని మిలాన్ నగరంలో, ఆకాశహర్మ్యాల మధ్య, ఈసారి 5 హెక్టార్లలో డెనెస్ చేను మళ్లీ మొలిచింది. విత్తడానికీ కోయడానికీ ఊరి జనాన్నే పిలిచారు.