ఆకాశరామన్న నుంచి హాక్ ఐ దాకా

హైదరాబాద్‌లో పోలీసులూ ప్రజలూ చేతులు కలిపిన కథ ఈమధ్య ఎక్కడ చదివినా ఒకే తీరుగా ఉంటోంది. 1829లో లండన్‌లో రాబర్ట్ పీల్ కొత్త పోలీసు దళాన్ని నెలకొల్పాడు. ఆ ఆలోచన అమెరికా చేరి కమ్యూనిటీ పోలీసింగ్ అయింది. 2014లో తెలంగాణ వచ్చాక అదే 'ఫ్రెండ్లీ పోలీసింగ్' పేరుతో మన వీధుల్లోకి దిగింది. పేరు చెప్పకుండా నేర సమాచారం ఇచ్చే సౌకర్యమూ మొబైల్ ఫోన్‌తోనే పుట్టినట్టు రాస్తున్నారు. ఈ కథలో తేదీలు తప్పు కావు, వదిలేసిందే ఎక్కువ. 1978 నుంచి 2008 దాకా పాతబస్తీ గడిపిన ముప్ఫై ఏళ్లు ఇందులో ఎక్కడా కనిపించవు. వాటిని తీసేస్తే ఇవాళ్టి యాప్‌లూ కెమెరాలూ ఎక్కడినుంచి వచ్చాయో, వాటిలో ఏం లోపించిందో అర్థం కాదు.

బస్తీ జనం పోలీసులతో నలుగురిలో కూర్చుని మాట్లాడటం ఒక సంప్రదాయం. బస్తీలో ఒకడు చాటుగా పోలీసులకు చెప్పిపోవడం ఇంకొకటి. రెండూ పాతవే. రెండింటి అవసరమూ ఉంది. కానీ మన పాలనలో రెండోదాన్ని నడుపుతూ మొదటిదాన్ని నడుపుతున్నామని చెప్పుకోవడం అలవాటైంది. ఈ వ్యాసంలో చెప్పదలచింది అదే.

తొలి దశల గురించి తెలిసినవే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. అర్థశాస్త్రంలో నగరపాలన భాగం చూస్తే, పది, ఇరవై లేదా నలభై కుటుంబాలకు ఒక గోపుడు ఉంటాడు. ఇంటికి కొత్తవాళ్లు వచ్చినా పోయినా గృహస్థు అతనికి తెలపాలి. గాయానికి గుట్టుగా కట్టు కట్టించుకున్నవాడి సంగతి వైద్యుడు చెప్పాలి. చెప్పకపోతే నేరంలో భాగస్థుడే. పదహారో శతాబ్దం చివర అబుల్ ఫజల్ రాసిన ఐన్-ఇ-అక్బరీలో కొత్వాల్ విధులు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. ఊరిని మొహల్లాలుగా విడదీయాలి, ఒకరికొకరు సాయపడతామని పౌరులచేత మాట తీసుకోవాలి. ఆ పక్కనే ఇంకో ఆదేశం ఉంది: మొహల్లాలో ఎవరి కంటా పడని ఒక సామాన్యుణ్ణి, మిగతావారికి తెలియకుండా వేగుగా పెట్టుకోవాలి, అతను చెప్పింది రాతలో ఉంచి జాగ్రత్తగా పరిశీలించాలి. నలుగురి ఒప్పందం, ఒకరి చాటుమాట ఒకే పేరాలో పక్కపక్కన ఉన్నాయి. పీల్‌కు దాదాపు రెండున్నర శతాబ్దాల ముందు మాట ఇది.

ఆంధ్ర ప్రాంతపు పల్లెల్లో తలారికీ, తెలంగాణలో పోలీసు పటేల్‌కూ ఊరి కాపలా పూచీ ఉండేది. హైదరాబాద్ నగరంలో కొత్వాల్ పదవి నిజాం పాలన చివరిదాకా సాగింది. 1920 నుంచి 1934 దాకా కొత్వాల్‌గా ఉన్న రాజా బహదూర్ వెంకటరామారెడ్డిని నగరం ఇప్పటికీ తలుచుకుంటుంది. ఆ గతాన్ని స్వర్ణయుగం చెయ్యాలని నాకు లేదు. కొత్వాల్ జవాబుదారీ ప్రభువుకే తప్ప మొహల్లాకు కాదు. కానీ మొహల్లాకు అతనెవరో తెలుసు, అతనికి మొహల్లా తెలుసు. 1861 పోలీసు చట్టం నమూనాలో ఆ తెలిసినతనం మెల్లగా జారిపోయింది. కానిస్టేబుల్ బదిలీ అయ్యే ఉద్యోగి అయ్యాడు. వేగు మాత్రం ఉన్నచోటనే ఉండిపోయాడు.

చట్టం ఈ వేగును ఎలా చూసిందో గమనించాలి. 2024 దాకా అమల్లో ఉన్న 1872 సాక్ష్య చట్టం 125వ సెక్షన్ ప్రకారం, నేరం గురించిన సమాచారం తనకు ఎవరు చెప్పారో బయటపెట్టమని పోలీసు అధికారిని ఎవరూ బలవంతపెట్టలేరు. చెప్పినవాడికి ఇది రక్షణ అనుకుంటాం. నిజానికి ఆ హక్కు అధికారిది. పేరు దాచాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. స్టేషన్ గుమ్మం దాటి ఆ పేరు ఎవరి చెవిన పడినా, చెప్పినవాడు దాన్ని పట్టుకుని అడగడానికి అందులో ఏమీ లేదు.

ఇక ఆకాశరామన్న ఉత్తరాలకూ, పేరులేని ఫోన్లకూ న్యాయస్థానాలు తక్కువ విలువే ఇచ్చాయి. లూథియానాలో టాక్సీ స్టాండ్ దగ్గర కాల్పులు జరిగాయని ఎవరో పేరు చెప్పకుండా ఫోన్ చేశారు. అలాంటి ముక్తసరి కబురు ఎఫ్‌ఐఆర్ కాదని 1970లో తపీందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పు సబబే, పేరులేని మాట మీద మనిషిని నేరస్థుడని రాసెయ్యకూడదు. కానీ కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1999లో సంతకం లేని ఫిర్యాదుల మీద ఏ చర్యా తీసుకోవద్దని శాఖలకు చెప్పింది. ఆకాశరామన్న ఉద్యోగులను అన్యాయంగా వేధిస్తాడన్నది కారణం. ఆఫీసులో కూర్చున్నవారికి ప్రమాదకరమని తోచిన ఆ ఉత్తరం, బస్తీలో ఉన్నవారి మీద వచ్చినప్పుడు మాత్రం ప్రజల సహకారం ఎలా అవుతుంది? ఈ ప్రశ్నకు మన పోలీసు చరిత్రలు జవాబు చెప్పలేదు.

అమెరికాలో ఇలాంటి పేరులేని సమాచారాన్ని ఒక పద్ధతిలో పెట్టే ప్రయత్నం 1976లో న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఆల్బకర్కీలో జరిగింది. పెట్రోల్ బంకులో పనిచేసే ఒక విద్యార్థి హత్యకేసు తేలక, గ్రెగ్ మెకలీస్ అనే డిటెక్టివ్ ఆ ఘటనను నటింపజేసి టీవీలో చూపించాడు. ఫోన్ చేసినవారికి పేరు అడగకుండా ఒక నంబరు ఇచ్చారు. క్రైమ్ స్టాపర్స్‌గా పెరిగిన ఆ ఏర్పాటులో బహుమతి నిర్ణయించేది పౌరుల బోర్డు, పోలీసులు కాదు. మనవాళ్లు ఈ పథకం నుంచి ఫోన్ నంబరును తెచ్చుకున్నారు, పౌరుల బోర్డును అక్కడే వదిలేశారు.

ఇప్పుడు అసలు కాలానికి వస్తాను. 1978 మార్చిలో నల్లకుంట పోలీసు స్టేషన్‌లో ఒక స్త్రీ మీద అత్యాచారం జరిగింది. అడ్డుపడిన భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. ప్రభుత్వం నియమించిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కేసు విచారణ కర్ణాటకలోని రాయచూరుకు మారింది. అక్కడి కోర్టు 1981లో నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. పాతబస్తీలో పోలీసుల మీద నమ్మకం తెగిపోవడానికి మత ఘర్షణలే కారణమని తరచూ చదువుతాం. కాలక్రమం చూడండి. స్టేషన్ లోపలి నేరం ముందు వచ్చింది. ఏటా కర్ఫ్యూలు తెచ్చిన ఘర్షణల వరస 1978 తర్వాత, ముఖ్యంగా 1980ల్లో ముదిరింది. 1990 డిసెంబరులో వందమందికి పైగా చనిపోయారు. ఒకటి ఇంకొకదానికి ఏకైక కారణమని నేను అనడం లేదు. స్థలాల తగాదాలు, ఊరేగింపుల రాజకీయం, ముఖ్యమంత్రి పదవి కోసం కుమ్ములాటలు అన్నీ తోడయ్యాయి. కానీ స్టేషన్ మెట్లు ఎక్కాలంటే జంకే మొహల్లా, పుకారు నిజమా కాదా అని తెలుసుకోవడానికి ఎవరి దగ్గరికి వెళ్తుంది?

ఆ ఏళ్లలో ప్రభుత్వం చూపిన మందు శాంతి కమిటీ. వినాయక నిమజ్జనం, బోనాలు, మొహర్రం దగ్గరపడితే ఇన్‌స్పెక్టర్ కబురు పెడతాడు. రెండు మతాల పెద్దమనుషులూ వస్తారు, చాయ్ తాగుతారు, ప్రకటన మీద సంతకాలు పెడతారు. వాళ్ల శ్రమను నేను తీసిపారెయ్యను. కర్ఫ్యూ నడుమ ప్రాణాలకు తెగించి గల్లీలు తిరిగినవారు అందులో ఉన్నారు. కమిటీ లోపం మనుషుల్లో కాదు, ఏర్పాటులో ఉంది. అది పండగకు ముందు పుట్టి పండగ తర్వాత మాయమయ్యేది. అందులో ఎవరు కూర్చోవాలో స్టేషనే నిర్ణయించేది. సైకిల్ పోయినవాడికీ, భర్త చేతిలో దెబ్బలు తిన్న ఆమెకూ అందులో చోటు లేదు.

దీనికి పక్కన పెట్టి చూడాల్సింది ముంబై దగ్గరి భివండీ. 1984లో మతకల్లోలంతో కాలిపోయిన ఆ మరమగ్గాల ఊరికి 1988లో సురేశ్ ఖోపడే డీసీపీగా వచ్చాడు. మొహల్లా కమిటీలు పెట్టించి, కానిస్టేబుళ్లను వాటికి జతచేసి, గొడవలు లేని రోజుల్లో కూడా కూర్చోబెట్టాడు. నీళ్ల పంపు తగాదాలూ, అద్దె గొడవలూ అక్కడే తేలేవి. 1992 డిసెంబరు, 1993 జనవరిలో ముంబై తగలబడుతుంటే భివండీ నిలబడింది. హైదరాబాద్‌ను కూడా పరిశీలించిన రాజకీయ శాస్త్రవేత్త అశుతోశ్ వర్ష్నీ 2002 నాటి తన పుస్తకంలో, మతాల మధ్య రోజువారీ పౌర సంబంధాలు ఉన్న ఊళ్లే కల్లోలాన్ని తట్టుకుంటాయని వాదించాడు. ఇందులోనూ జాగ్రత్త అవసరం. భివండీ చిన్నది, అక్కడ మగ్గం ఇరు మతాలనూ ఒక బతుకుతెరువుకు కట్టేసింది. పాతబస్తీకి అలాంటి ఉమ్మడి పరిశ్రమ లేదు. కమిటీలను నకలు చేసినంత మాత్రాన ఫలితం నకలు కాదు.

అయితే 1990 తర్వాత హైదరాబాద్‌లో అంత పెద్ద మారణకాండ మళ్లీ జరగలేదు. ఎందుకన్న దాని మీద తలో మాట ఉంది. కఠినమైన బందోబస్తు అంటారు పోలీసులు. రాజకీయ పార్టీలకు ఘర్షణల వల్ల లాభం తగ్గిందంటారు విశ్లేషకులు. గల్ఫ్ డబ్బుతో ఇళ్లు నిలబడ్డాయంటారు బస్తీవాళ్లు. 'కోవా' లాంటి స్వచ్ఛంద సంస్థలు స్త్రీలనూ యువతనూ మతాలకు అతీతంగా కలిపాయన్నది ఇంకో మాట. అన్నిటిలో కొంత నిజం ఉంది. కెమెరాలకు మాత్రం ఇందులో వాటా లేదు. అవి వచ్చేసరికే ఆ మార్పు వచ్చేసింది.

2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'మైత్రి' తెచ్చింది. స్టేషన్ పరిధిలో పౌరుల కమిటీలు, నెలనెలా సమావేశాలు, కాగితం మీద మంచి పథకం. కానీ అది ఎన్‌కౌంటర్ల కాలం. అటు తెలంగాణ పల్లెల్లో ఇన్ఫార్మర్ అన్న ముద్ర పడితే మావోయిస్టుల చేతిలో చావు. ఇటు పోలీసులకు చెప్పకపోతే అనుమానం. పోలీసులతో కుర్చీ పంచుకోవడమే ప్రాణం మీదికి వచ్చే చోట మైత్రి ఎలా పాతుకుంటుంది? నగరంలో అది కొందరు వ్యాపారులు, కాలనీ సంఘాల నాయకుల దగ్గర ఆగింది. 2007 మేలో మక్కా మసీదు పేలుడు, దాని వెంట పోలీసు కాల్పులు, ఆ తర్వాత పదుల సంఖ్యలో ముస్లిం యువకుల నిర్బంధాలు. వాళ్లు హింసకు గురయ్యారని రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన అడ్వకేట్ కమిషనర్ నివేదిక ఇచ్చారు. కోర్టుల్లో వాళ్ల మీద కేసులు నిలవలేదు. ప్రభుత్వం ఇచ్చిన నష్టపరిహారాన్ని 2013లో హైకోర్టు కొట్టేసింది. అనుమానం ఒక్కటే చాలనుకునే చోట పేరులేని సమాచారం సాయం కాదు, ఆయుధం అవుతుంది. ఈ పాఠం నేర్చుకోకుండానే తర్వాతి దశ మొదలైంది.

2014 తర్వాత జరిగినదంతా చెడ్డదని అనలేను. ఆ అక్టోబరులో స్త్రీలపై వేధింపులను అడ్డుకోవడానికి మొదలైన షీ టీమ్స్ అనే పోలీసు బృందాలను నేను నిజమైన ముందడుగుగా చూస్తాను. ఆడపిల్ల స్టేషన్‌కు రానక్కర లేకుండా, పేరు బయటికి పొక్కకుండా ఫిర్యాదు చెయ్యగలిగింది. వేధించిన కుర్రవాణ్ణి తల్లిదండ్రుల ముందు కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఇచ్చారు. 2016లో వచ్చిన భరోసా కేంద్రం దానికి కొనసాగింపు. ఇవి నిలబడటానికి కారణం ఉంది: చెప్పినవారికి జవాబు వచ్చింది.

మిగతా వాటి సంగతి అలా లేదు. 2013 నాటి ప్రజా భద్రతా చట్టం, ఆపై 'నేను సైతం' పిలుపు కలిసి వీధి వీధినా ప్రజల డబ్బుతో కెమెరాలు నిలబెట్టాయి. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ తెరుచుకుంది. కాలాపత్తర్, కిషన్‌బాగ్ ప్రాంతాలను పరిశీలించిన మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ, వాటి విస్తీర్ణంలో సగానికి పైగా కెమెరాల చూపులో ఉందని అంచనా వేసింది. దొంగను పట్టడానికి కెమెరా పనికొస్తుంది, కాదనను. కానీ డబ్బిచ్చిన బస్తీకి ఆ దృశ్యాల మీద ఏ అజమాయిషీ లేదు. దీన్ని భాగస్వామ్యం అనడం సరికాదు. తెల్లవారకముందే బస్తీని చుట్టుముట్టి, నిద్రలేపి, ఆధార్ కార్డులూ బండి కాగితాలూ అడిగే కార్డన్ సెర్చ్‌లు కూడా 'ప్రజలతో మమేకం' పేరుతోనే జరిగాయి. ఆ చుట్టుముట్టడం పేదల బస్తీల్లోనే ఎక్కువ. గేటెడ్ కమ్యూనిటీలకు ఆ అనుభవం తెలియదు.

పోలీసుల హాక్ ఐ యాప్ సంగతి ఇంకా ముఖ్యం. పౌరుడు నేరం చూసి ఫొటోతో పంపవచ్చు, వివరాలు గోప్యమన్నారు. వాడాలంటే మాత్రం పేరు, ఫోన్ నంబరు నమోదు చేసుకోవాలి. 2024లో ఆ యాప్ సమాచారం హ్యాకర్ చేతికి పోయింది. పోలీసులు నిందితుణ్ణి వేగంగానే అరెస్టు చేశారు. కానీ అసలు తప్పు హ్యాకింగ్ కంటే ముందుది: పేరు అక్కర్లేని చోట పేరు ఎందుకు తీసుకున్నారు? 1872లో పేరు అధికారి నోట్లో ఉండేది. ఇప్పుడు సర్వర్‌లో ఉంది. చెప్పినవాడి చేతికి మాత్రం ఇంకా రాలేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. పేరులేని సమాచారం కావాలి. గంజాయి అమ్మేవాడి ఎదురింట్లో ఉండే మనిషిని పేరుతో వచ్చి చెప్పమనడం క్రూరత్వం. కానీ దానికి మూడు షరతులు ఉండాలి. పేరు అసలు తీసుకోకూడదు, తీసుకుంటే అది పోలీసుల దగ్గర కాక స్వతంత్ర పౌర బోర్డు దగ్గర ఉండాలి. ఆ సమాచారం దర్యాప్తుకు దారి చూపాలే తప్ప, దానితోనే తలుపు తట్టడం, మనిషిని ఎత్తుకెళ్లడం జరగకూడదు. స్టేషన్లవారీగా ఎన్ని వచ్చాయి, ఎన్ని తేలాయి, ఎన్ని అబద్ధాలని తేలింది అన్నది ఏటా ప్రకటించాలి. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ప్రతి రాష్ట్రంలో, జిల్లాలో పోలీసుల మీద ఫిర్యాదుల అథారిటీ పెట్టమంది. రాష్ట్రాలు దాన్ని ఈడ్చుకుంటూ వచ్చాయి. పోలీసు మీద బస్తీ ఫిర్యాదు చెయ్యగల చోటు లేనంతకాలం, బస్తీ మీద బస్తీచేత ఫిర్యాదు చేయించడాన్ని కమ్యూనిటీ పోలీసింగ్ అని ఒప్పుకోవడానికి నా మనసు సిద్ధంగా లేదు. కొత్త యాప్‌కు ముందు ఆ అథారిటీలే రావాలి.