ఎడిసన్ బ్యాటరీ, జలాంతర్గామి, మా మావయ్య మరపడవ

ఈ రోజు చెప్పబోయే కథ 1916లో న్యూయార్క్‌లో జరిగింది. కానీ అది నా కంట పడింది మాత్రం విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో నేను చేసిన ఒక వెధవ పని వల్ల. ముందు దాని సంగతి చెప్పేస్తా.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం కదా. పడవలు ఒడ్డున ఉంటాయి, రిపేర్లన్నీ అప్పుడే. మా మావయ్య మరపడవలో ఇంజన్ స్టార్ట్ చెయ్యడానికి రెండు బ్యాటరీలున్నాయి. ఒక్కోటి 12 వోల్టులు, సిరీస్‌లో కలిపితే 24. ఒకటి పోయింది. "అల్లుడూ, ట్రిపుల్ ఈ చదివావు కదా, ఏం చెయ్యాలో చెప్పరా" అన్నాడు. బీటెక్ చదివి ఐదేళ్లు కోడింగ్ చేసినవాడికి ఏం తెలుస్తుంది చెప్పండి? అయినా తెలిసినట్టే మాట్లాడా. "పోయింది ఒకటే కదా, ఒకటే కొందాం, డబ్బులు మిగుల్తాయి" అన్నా. అక్కడితో ఆగలేదు. ఉప్పునీళ్లు తగలకుండా ప్లైవుడ్ పెట్టె చేయించి, సందులన్నీ సిలికాన్‌తో మూసేశా. చూడ్డానికి భలే నీట్‌గా ఉంది. రాత్రంతా ఛార్జింగ్ పెట్టి పడుకున్నాం.

పొద్దున్నే మావయ్య మూత ఎత్తాడు. కుళ్లిన గుడ్ల వాసన. పాత బ్యాటరీ పక్కలు ఉబ్బిపోయి ఉన్నాయి. సరిగ్గా కనపడట్లేదని నేను లైటు స్విచ్ మీద చెయ్యి పెట్టా. "ముట్టుకోకు!" అని ఆయన అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఎందుకు అరిచాడంటే, లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండాక కూడా కరెంటు తోస్తూ ఉంటే, ఆ కరెంటు లోపలి నీళ్లని విడగొడుతుంది. హైడ్రోజన్ బయటికొస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకి అంటుకుంటుంది. స్విచ్ వేసినప్పుడు లోపల వచ్చే రవ్వ కూడా సరిపోతుంది. నేను పెట్టెలో ఉప్పునీటికి దారి మూశాననుకున్నా. గాలికి కూడా మూసేశా.

ఇంటికెళ్లాక ఈ విషయం గురించి చదువుతూ కూర్చున్నా. అలా దొరికిందే ఈ-2 అనే అమెరికన్ జలాంతర్గామి కథ.

కొంచెం వెనక్కి వెళ్దాం. ఛార్జ్ చేసి మళ్లీ మళ్లీ వాడుకునే లెడ్ యాసిడ్ బ్యాటరీని 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే తయారుచేశాడు. 1900లో అమెరికా నావికాదళం జాన్ హాలండ్ జలాంతర్గామిని కొనేనాటికి పద్ధతి కుదిరిపోయింది. పైన తేలుతున్నప్పుడు ఇంజన్, నీళ్లలో మునిగాక బ్యాటరీ. కింద ఇంజన్‌కి గాలి దొరకదు కాబట్టి ఆ కాలంలో బ్యాటరీయే దిక్కు.

జలాంతర్గాముల్లో వాళ్లని బాగా భయపెట్టింది క్లోరిన్. సముద్రపు నీళ్లు బ్యాటరీలోకి వెళితే ఆ విషవాయువు పుడుతుంది. మూసిన ఇనప గొట్టంలో అది వస్తే ఎక్కడికి పరిగెడతారు? 1915 మార్చి 25న హోనొలులు దగ్గర ఎఫ్-4 అనే జలాంతర్గామి మునిగిపోయింది. 21 మంది ఉన్నారు, ఒక్కరూ బతకలేదు. ఆ తర్వాత దాన్ని పైకి తీసి చూస్తే, బ్యాటరీ ట్యాంకుకి లోపల వేసిన సీసపు పూత తినేసి, సముద్రపు నీళ్లు బ్యాటరీ గదిలోకి చేరాయని విచారణలో తేలింది.

ఇప్పుడు ఎంట్రీ ఇస్తాడు థామస్ ఎడిసన్. అప్పటికే ఆయన దగ్గర నికెల్, ఇనుముతో చేసిన బ్యాటరీ ఉంది. అందులో యాసిడ్ లేదు, క్షార ద్రావణం ఉంటుంది. స్టీలు డబ్బా. ఎక్కువ కాలం మన్నుతుంది. క్లోరిన్ భయం లేదు. ఎఫ్-4 పోయిన సంవత్సరంలో ఇంతకన్నా మంచి సేల్స్ పాయింట్ ఉంటుందా? అదే 1915లో నావికాదళానికి సలహాలిచ్చే బోర్డుకి ఎడిసన్‌నే అధ్యక్షుడిగా పెట్టారు. సలహా ఇచ్చేది ఆయనే, బ్యాటరీ అమ్మేదీ ఆయనే. ఇది నాకైతే అస్సలు నచ్చలేదు. కానీ బ్యాటరీ మోసం కాదు. నిజంగానే గట్టి వస్తువు.

ఈ-2లో పాత బ్యాటరీలు తీసి ఎడిసన్‌వి పెట్టారు. 1916 జనవరి 15న అది సముద్రంలో కూడా లేదు, బ్రూక్లిన్ నేవీ యార్డ్‌లో ఉంది. పరీక్షలు జరుగుతున్నాయి, లోపల మనుషులు పనిచేస్తున్నారు. పోగుపడిన హైడ్రోజన్ పేలింది. కొందరు అక్కడే చనిపోయారు, ఇంకొందరు గాయపడ్డారు.

నన్ను ఆపేసింది ఇదే. క్లోరిన్ రాదన్నది నిజమే, రాలేదు. కానీ ఎడిసన్ బ్యాటరీ కూడా హైడ్రోజన్ వదులుతుంది. ఛార్జ్ చేసేటప్పుడు బాగా వదులుతుంది, పక్కన ఊరికే పెట్టినా ఇనుప ప్లేట్ల దగ్గర కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది. డిశ్చార్జ్‌లోనూ ఒక చిక్కుంది. మీ టీవీ రిమోట్‌లో ఒక పాత సెల్లు, ఒక కొత్త సెల్లు వేశారనుకోండి. పాతది ముందు ఖాళీ అయిపోతుంది. కొత్తది మాత్రం ఇంకా కరెంటు తోస్తూ ఉంటుంది, ఆ కరెంటు ఖాళీ సెల్లులోంచే వెళ్లాలి. దాంతో దాని ప్లస్, మైనస్ తారుమారవుతాయి. నీళ్లున్న పెద్ద బ్యాటరీల్లో ఇలా తిరగబడ్డ సెల్లు గ్యాస్ కక్కుతుంది. జలాంతర్గామిలో ఇలాంటి సెల్లులు వరసగా వందల్లో ఉంటాయి. ఒక్కోదాని వోల్టేజీ విడిగా చూడకపోతే ఏది తిరగబడిందో తెలీదు. మొత్తం మీటర్ మాత్రం బాగానే చూపిస్తుంది.

మావయ్య పడవలో నేను చేసింది దీని తమ్ముడే. పాతదాన్ని, కొత్తదాన్ని ఒకే వరసలో కట్టా. ఛార్జింగ్‌లో కెపాసిటీ తగ్గిన పాతది ముందే నిండిపోయింది. కొత్తది నిండేదాకా పాతది ఉడుకుతూనే ఉంది.

అమెరికా నావికాదళం మళ్లీ లెడ్ యాసిడ్‌కే వెళ్లింది. రెండో ప్రపంచయుద్ధం నాటి వాళ్ల జలాంతర్గాముల్లో 252 సెల్లులు ఉండేవి, ఒక్కోటి దాదాపు 750 కిలోలు. బ్యాటరీ మారలేదు గానీ చాకిరీ పెరిగింది. గాలి లాగే ఫ్యాన్లు, హైడ్రోజన్ మీటర్లు వచ్చాయి. కొన్ని సెల్లులని గుర్తుగా పెట్టుకుని, వాటి యాసిడ్ సాంద్రత రోజూ కొలిచి రాసుకునేవాళ్లు.

ఇదంతా పాత కథ అనుకోకండి. 2010 ఫిబ్రవరిలో మన విశాఖలోనే ఐఎన్‌ఎస్ సింధురక్షక్‌లో మంటలొచ్చి ఒక నావికుడు చనిపోయాడు. బ్యాటరీ వాల్వ్ సరిగా లేక హైడ్రోజన్ లీకైందని నేవీ చెప్పింది. 2013లో ముంబైలో అదే జలాంతర్గామి పేలి 18 మంది పోయారు, అది వేరే ప్రమాదం, కలిపేయకండి. ఘాజీ గురించి అడుగుతారని తెలుసు. దానికి ఇంకో ఎపిసోడ్ కావాలి.

ఆర్‌కే బీచ్‌లో కురుసుర చూసే ఉంటారు. ఈసారి వెళ్తే, ఆఫీసర్ల పడకలున్న రెండో గదిలో, నావికుల పడకలున్న నాలుగో గదిలో కింద నేల చూడండి. ఆ నేల కిందే బ్యాటరీలు ఉండేవి. 1969 నుంచి 2001 దాకా వాటి మీదే మనుషులు నిద్రపోయారు. నేను చిన్నప్పుడు అక్కడ పెరిస్కోప్ ఒక్కటే చూసి వచ్చేశా.

మావయ్య పడవ సంగతా? "లిథియం పెట్టేద్దామా" అని అడిగాడు. జపాన్ వాళ్లు 2020లో ఓర్యూ అనే జలాంతర్గామిని లిథియం అయాన్ బ్యాటరీలతో దళంలో చేర్చారు కూడా. కానీ పడవలో ఆల్టర్నేటర్ లెడ్ యాసిడ్‌ని దృష్టిలో పెట్టుకుని చేసింది. లిథియం ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే అది వేడెక్కి పోతుంది. నడుస్తుండగా లిథియంలోని సేఫ్టీ సర్క్యూట్ టక్కున కట్ చేస్తే డయోడ్లు కాలొచ్చు. అవన్నీ మార్చే డబ్బు మా దగ్గర లేదు. ఈసారి తెలిసినట్టు మాట్లాడకుండా, హార్బర్‌లో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న ఎలక్ట్రీషియన్‌ని అడిగాం. ఒకే కంపెనీ, ఒకే కెపాసిటీ, ఒకే నెలలో తయారైనవి రెండూ కొత్తవి కొన్నాం. నెలకోసారి ఒక్కోదాని వోల్టేజీ విడివిడిగా కొలుస్తున్నాం, డిస్టిల్డ్ వాటర్ చూస్తున్నాం. హైడ్రోజన్ పైకి పోతుంది కాబట్టి కొత్త పెట్టెకి పైన కన్నాలు, గాలి రావడానికి కింద ఇంకో రెండు.

నేను సిలికాన్ పెట్టి చేసిన ఆ పాత పెట్టెలో ఇప్పుడు అత్తయ్య ఎండుచేపలు దాస్తోంది. ఒక్క చీమ కూడా దూరట్లేదట.