స్కౌట్ సోపానాలు

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థలో పిల్లలు మెట్టుమెట్టుగా దాటే పరీక్షల వరుసను సోపానాలు అంటారు. ప్రవేశ్‌తో మొదలై ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాల మీదుగా గవర్నరు పేరిట ఇచ్చే రాజ్య పురస్కారానికి, అక్కడి నుంచి రాష్ట్రపతి పురస్కారానికి ఈ దారి సాగుతుంది. పాఠ్యక్రమం దేశమంతటికీ ఒకటే. పల్నాడు జిల్లా నరసరావుపేట పిల్లవాడైనా ఢిల్లీ పిల్లవాడైనా నేర్చేది అవే ముడులు, చేసేది అదే ప్రతిజ్ఞ.

పుట్టుక

స్కౌటింగ్ విద్య మూలాలు కొంతవరకు మన దేశంలోనే ఉన్నాయి. బ్రిటిష్ సైనికాధికారి బేడెన్ పావెల్ 1876లో 13వ హుస్సార్స్ దళంలో చేరి భారతదేశానికి వచ్చాడు. జాడలు పట్టడం, దారి గుర్తించడం వంటివి సిపాయిలకు నేర్పిన అనుభవంతో 1899లో ఒక కరదీపిక వెలువరించాడు. దాన్ని పిల్లలూ ఆసక్తిగా చదువుతున్నారని తెలిశాక 1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో బాలుర శిబిరం నడిపాడు. మరుసటి ఏడు ‘స్కౌటింగ్ ఫర్ బాయ్స్’ వచ్చింది.

అప్పటి మెట్లు మూడు: టెండర్‌ఫుట్, సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్. సెకండ్ క్లాస్ దాటాలంటే రెండు అగ్గిపుల్లలకు మించకుండా పొయ్యి రాజేయాలి. కాసేపు నడక, కాసేపు పరుగుతో మైలు దూరాన్ని 12 నిమిషాల్లో చేరాలి. దిక్సూచిలో పదహారు దిక్కులు చెప్పగలగాలి. సేవింగ్స్ బ్యాంకులో కనీసం ఆరు పెన్నీలు దాచుకొని ఉండాలి. అడవి విద్యనూ ఇంటి పొదుపునూ ఒకే పరీక్షలో పెట్టడం ఆనాటి నుంచీ ఉన్నదే. 24 వస్తువులను ఒక్క నిమిషం చూసి పదహారింటిని గుర్తుపెట్టుకొని చెప్పే ‘కిమ్స్ గేమ్’కు పేరు వచ్చింది భారతదేశంలో నడిచే కిప్లింగ్ నవల నుంచే.

మన పిల్లలకు తలుపు తెరుచుకోవడం

1909లో బెంగళూరు బిషప్ కాటన్ పాఠశాలలో దేశంలోని తొలి స్కౌట్ దళం ఏర్పడింది. అయితే మొదట్లో దళాల్లో ఐరోపా, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే చోటు. ఆ తర్వాత కొన్నేళ్ళకు భారతీయ బాలుర కోసం అనీబెసెంట్, జార్జ్ అరండేల్ మద్రాసులో ఇండియన్ బాయ్ స్కౌట్స్ అసోసియేషన్ స్థాపించారు. అందులో టోపీ బదులు తలపాగా చుట్టేవారు. అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉన్న నరసరావుపేట కూడా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమే. 1918లో అలహాబాదు కేంద్రంగా మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ ‘సేవా సమితి’ స్కౌట్లను సమీకరించారు. కుంభమేళాల్లో యాత్రికులకు సాయపడటం వారి పనుల్లో ఒకటి.

1921లో బేడెన్ పావెల్ మన దేశానికి వచ్చినప్పుడు బెసెంట్ సంస్థ ఆయన సంస్థలో కలిసింది. అదే ఏడు బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ‘రామదండు’ వాలంటీర్లు సేవలందించారు. అది స్కౌటింగ్ కాదు. కానీ దండుకట్టి జనానికి సేవ చేయడం మన యువకులకు అప్పటికే తెలిసిన పని అనడానికి అది సాక్ష్యం. భారతీయుల గుణగణాల గురించి 1937లో బేడెన్ పావెల్ అన్న మాటలు ఆగ్రహం రేపడంతో మరుసటి ఏడు హిందుస్థాన్ స్కౌట్ అసోసియేషన్ వేరుగా వెలసింది. స్వాతంత్ర్యం వచ్చాక 1950 నవంబరు 7న సంస్థలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. బాలికల గైడ్ సంఘం 1951 ఆగస్టు 15న ఇందులో చేరింది. ఒకప్పుడు రాజు పేరిట ఉన్న అత్యున్నత బిరుదు రాష్ట్రపతి పేరుకు మారింది. 1953లో తొలి జాతీయ జాంబోరీ హైదరాబాద్‌లో జరిగింది.

ముడి, కట్టు

ఆరేడుగురు పిల్లలు కలిస్తే ఒక పెట్రోల్. దానికి నాయకుడూ వారిలో ఒకడే. మొదట నేర్చే ముడుల్లో రీఫ్ నాట్ ఒకటి. కుడి కొసను ఎడమ కొస మీదుగా, ఆపై ఎడమను కుడి మీదుగా తిప్పితే అది పడుతుంది. చదునుగా కుదురుకుంటుంది కనుక గాయం మీద కట్టుకు పనికొస్తుంది. రెండోసారీ కుడినే పైకి తెస్తే అది గ్రానీ నాట్. చూపుకు అలాగే ఉన్నా లాగితే జారిపోతుంది. బౌలైన్ ఉచ్చు ఎంత బరువు వేలాడినా బిగుసుకోదు, అందుకే బావిలో పడ్డవాళ్ళను పైకి తీసేందుకు ఆ ముడి నేర్పుతారు.

గెడలు కట్టడానికి స్క్వేర్ లాషింగ్ ఉంది. నిలువు గెడకు క్లోవ్ హిచ్ వేసి, అడ్డ గెడతో కలిపి మూడు నాలుగు చుట్లు తిప్పుతారు. తర్వాత రెండు గెడల సందులోంచి తాడు పోనిచ్చి ఆ చుట్లను బిగించి, మళ్ళీ క్లోవ్ హిచ్‌తో ముగిస్తారు. నరసరావుపేట పిల్లలకు ఇది మరీ పరాయి విద్య కాదు. కోటప్పకొండ మహాశివరాత్రి తిరునాళ్ళకు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నిలబెట్టే ఎత్తైన ప్రభలకూ తాళ్ళ బిగువే ప్రాణం.

పౌర విద్య

స్కౌట్ నియమాలు తొమ్మిది. మాట నిలబెట్టుకోవడం, ప్రాణులను ప్రేమించడం, ప్రజల ఆస్తిని కాపాడటం, పొదుపు వాటిలో ఉన్నాయి. ప్రవేశ్ దశలోనే జెండా వందనం, జాతీయగీతం, ఎడమచేతి కరచాలనం, రోజుకో మంచిపని నేర్చుకుంటారు. మెడలోని స్కార్ఫ్ అవసరమైతే విరిగిన చేతికి ఊతమిచ్చే కట్టవుతుంది. పై మెట్లలో ప్రథమ చికిత్స, వంట, మ్యాప్ చదవడం, శిబిర జీవితం ఉంటాయి.

నేటి స్థితి

సంస్థ లెక్కలో రైల్వే జోన్లకు రాష్ట్రాలతో సమాన హోదా ఉంది. రైల్వే ఉద్యోగాల్లో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉండటంతో రాష్ట్రపతి పురస్కారానికి మరో విలువ ఏర్పడింది. అలహాబాదులో యాత్రికుల సేవగా మొదలైన పని 2016 కృష్ణా పుష్కరాల ఘాట్లలోనూ కనిపించింది. అక్కడ యాత్రికులకు సాయంగా నిలిచిన వాలంటీర్లలో స్కౌట్లు, గైడ్లు కూడా ఉన్నారు.