గుండు లేని ఫిరంగి

లండన్‌కి దక్షిణాన సముద్రపు ఒడ్డున బెక్స్‌హిల్ అని ఒక చిన్న ఊరుంది. మొన్న ఎండ కాస్తే పిల్లల్ని తీసుకుని వెళ్ళాం. వాళ్ళు గులకరాళ్ళు ఏరుకుంటున్నారు, నేను ఒక్కణ్ణే నవ్వుకుంటున్నాను. మా ఆవిడ నా వంక అదోలా చూసింది. చెప్పక తప్పలేదు.

1940లో హిట్లర్ ఎప్పుడు సముద్రం దాటి వస్తాడో అని ఇంగ్లండంతా బిక్కుబిక్కుమంటోంది. ఈ తీరానికి కాపలాగా దించిన వాళ్ళలో 56వ హెవీ రెజిమెంట్ వారి 'డి' బ్యాటరీ ఒకటి. వాళ్ళ చేతికిచ్చినవి మొదటి ప్రపంచయుద్ధం నాటి 9.2 అంగుళాల హోవిట్జర్లు. ఫిరంగులున్నాయి, పేల్చి నేర్చుకోడానికి గుండ్లు లేవు. డ్రిల్లు మానకూడదు కదా! అంచేత చెయ్యాల్సిందంతా చేసి, చివర్లో అందరూ ఒక్క గొంతుతో "ఢాం!" అని అరిచేవారట.

ఇది చెప్పినవాడు ఆ బ్యాటరీలో సిపాయి, స్పైక్ మిల్లిగన్. తర్వాత బీబీసీ రేడియోలో 'గూన్ షో' రాసి దేశాన్నంతా నవ్వించాడు. పుట్టింది మాత్రం మన దేశంలో, 1918లో, అహ్మద్‌నగర్‌లో. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో పనిచేసేవాడు. బాల్యం పూనాలోనూ, రంగూన్‌లోనూ గడిచింది. కోరంగి రేవు పేరు మీద మనవాళ్ళని కొరంగీలని పిలిచిన రంగూన్ అదే. రేవులో బస్తాలు మోసే తెలుగువాళ్ళ కేకలు ఆ కుర్రాడి చెవిన పడే ఉంటాయని నాకో పిచ్చి నమ్మకం.

యుద్ధజ్ఞాపకాలు అతను ఏడు పుస్తకాలుగా రాశాడు. మొదటిది 1971లో వచ్చింది. హిట్లర్ పతనంలో తన పాత్ర ఏమిటో చెప్తానంటుంది దాని పేరు! అందులో సేనాధిపతులూ వ్యూహాలూ తక్కువ. డ్రిల్లు ఎగ్గొట్టడం, అన్నం కోసం తంటాలు, సాయంత్రాలు డాన్సు బ్యాండు. మిల్లిగన్ ట్రంపెట్ ఊదేవాడు, పియానో హ్యారీ ఎడ్జింగ్టన్ అనే స్నేహితుడిది.

నాకు ఎప్పటికీ గుర్తుండే కథ ఉత్తర ఆఫ్రికాలోది. సరిగా పాతుకోని 7.2 అంగుళాల హోవిట్జర్ ఒకటి పేలిన అదటుకి వెనక్కి తన్నుకుని కొండ మీంచి కిందికి దొర్లిపోయింది. కింద చిన్న వైర్‌లెస్ లారీలో ఎవరో కూర్చుని ఉన్నారు. ఫిరంగి వాళ్ళ పక్కగా వచ్చి పడింది. కాసేపటికి లారీ తెర తొలగించి మిల్లిగన్ తొంగిచూసి, ఎవరైనా ఒక ఫిరంగిని చూశారా అని అడిగాడు, తప్పిపోయిన మేకని వెతుక్కుంటున్నట్టు. లోపలున్నవాడు తొణక్కుండా, ఏ రంగుది అని అడిగాడట. ఆ లోపలివాడు హ్యారీ సీకమ్. తర్వాత 'గూన్ షో'లో ఇద్దరూ కలిసి పనిచేశారు.

ఇక్కడితో ఆపేస్తే హాస్యకథే. కానీ 1944 జనవరిలో ఇటలీలో, కసీనో యుద్ధంలో, మోర్టారు గుండు మిల్లిగన్ కుడికాలికి తగిలింది. గాయం మానింది, మనసు మానలేదు. ఫిరంగి మోగితే ఏడుపు వచ్చేది, మాట తడబడేది. పై అధికారి జాలి చూపకపోగా, చేతి మీదున్న చిన్న హోదా కూడా తీసేశాడని రాసుకున్నాడు. బెక్స్‌హిల్‌లో "ఢాం" అని అరిచి నవ్విన మనిషే. ఆ తర్వాత జీవితాంతం మనోవ్యాధి అతన్ని వదల్లేదు, ఆసుపత్రులు తప్పలేదు. నవ్వించే పేజీల మధ్య ఈ సంగతి చదివాక, ముందు నవ్విన పేజీలు వెనక్కి తిప్పి మళ్ళీ చదివాను. అప్పుడవి వేరే పుస్తకంలా అనిపించాయి.

ఆ యుద్ధంలో ఇటలీకి మద్రాసు సాపర్లు కూడా వెళ్ళారు. ఆ దళంలో తెలుగువాళ్ళకీ చోటుండేది. వాళ్ళూ వంటవాడి మీద, సుబేదారు మీద జోకులు వేసుకునే ఉంటారు. మా ఊళ్ళో అందరూ మిలట్రీ తాత అనే ఆయన బర్మాలో మొండికేసిన కంచరగాడిద కథ ఒక్కటే చెప్పేవాడు. ప్రతిసారీ అదే కథ, అదే చోట నవ్వు. "ఆ తర్వాతేమైంది తాతా?" అంటే చుట్ట వెలిగించుకునేవాడు. నేను రెండోసారి అడగలేదు. అడిగి ఉండాల్సింది.

సీకమ్ 2001లో పోయాడు. తనకంటే ముందే పోవడం మంచిదైంది, లేకపోతే నా అంత్యక్రియల్లో పాడేవాడు అన్నాడట మిల్లిగన్. మరుసటి ఏడు ఫిబ్రవరిలో తనూ పోయాడు. సంస్మరణ సభలో సీకమ్ పాట రికార్డు పెట్టి వినిపించారు.