పందిరి కింద పద్దులు

పెళ్ళికి అప్పు చేసినవాళ్ళ జాబితా ఎవరైనా రాస్తే మొదటి పేరు ఏడుకొండలవాడిది రాయాలి. పద్మావతిని చేసుకోవడానికి చేతిలో డబ్బు లేక కుబేరుడి దగ్గర అప్పు పుచ్చుకున్నాడని, బ్రహ్మా శివుడూ రావిచెట్టూ సాక్షులుగా పత్రం రాసిచ్చాడని, కలియుగం పొడుగునా వడ్డీ కడుతూనే ఉన్నాడని కథ. దేవుడికే తప్పలేదు మనమెంత అని ఆడపిల్ల తండ్రీ, మగపిల్లాడి తరఫువాళ్ళూ కూడా ఈ కథనే చెప్పుకుంటారు, ఎవరి వాటంగా వాళ్ళు. కాని గమనించారా? ఆ కథలో అప్పు చేసింది పెళ్ళికొడుకు. ఆకాశరాజు కాదు. ఆ ముక్క మాత్రం ఎవరూ ఎత్తరు!

ఎవరు ఎవరికి ఇవ్వాలన్న తగువు ఇవాళ్టిది కాదు లెండి. వేలూరు దగ్గర విరించిపురం అని ఒక ఊరుంది. అక్కడి శివాలయంలో శక సంవత్సరం 1347, అంటే సుమారు 1426 నాటి శాసనం ఒకటుంది. విజయనగరాన్ని దేవరాయలు ఏలుతున్న కాలం. పడైవీడు రాజ్యంలోని బ్రాహ్మణులు, కన్నడం వాళ్ళూ అరవం వాళ్ళూ మన తెలుగువాళ్ళూ లాటులూ అందరూ చేరి ఒక ఒప్పందం రాసుకున్నారు. ఇకమీదట పెళ్ళిళ్ళన్నీ కన్యాదానంగానే జరగాలి, పిల్లకి బంగారం పుచ్చుకున్న తండ్రీ, ఇచ్చిన వరుడూ ఇద్దరూ రాజదండనకి పాత్రులు, పైగా వెలి, అని. రాతిమీద చెక్కించి మరీ కాదన్నారంటే ఆ బేరం ఎంత జోరుగా సాగుతూ ఉండేదో ఊహించుకోండి. ఆడవాళ్ళని అడిగి రాసి ఉంటారని మాత్రం నేననుకోను.

రాతిమీది రాత రాతిమీదే ఉండిపోయింది. నాలుగున్నర వందల ఏళ్ళు గడిచాక విజయనగరం మహారాజు ఆనందగజపతి, విశాఖపట్నం తీరప్రాంతంలోని సామాన్య బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కపు పెళ్ళిళ్ళు ఎన్నో లెక్క రాయించారు. ఆ లెక్కని గురజాడ తన నాటకం మొదటి ముద్రణ పీఠికలో ఇచ్చారు. 1034 పెళ్ళిళ్ళు! అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర తలకి మూడువందల యాభై నుంచి నాలుగు వందలట. నాటకం 1892లో ఆడారు, 1897లో అచ్చయింది. మనం చదువుకున్నప్పుడు గిరీశం మాటలకి నవ్వుకున్నాంగాని ఈ అంకెల దగ్గర ఆగినవాళ్ళు ఎందరు? నేను బి.ఎ.లో చదివిన కన్యాశుల్కంలో ఆ పీఠిక అసలు లేనే లేదు.

పిల్లకి డబ్బివ్వడం అన్ని ఇళ్ళలోనూ ఒకటే అర్థం కాదని కూడా చెప్పాలి. రెక్కాడితేగాని డొక్కాడని ఇళ్ళల్లో ‘ఓలి’ అని ఇచ్చేవారు. పొలంలో పనిచేసే చెయ్యి ఒకటి పుట్టింట తగ్గి అత్తింట పెరుగుతుంది గనక. దానికీ, నడవడం రాని పిల్లని ముసలివాడికి అమ్మడానికీ పోలిక లేదు.

తర్వాత కథ తిరగబడింది. ఇంగ్లీషు చదువు వచ్చింది, చదువు వెంట కచేరీ ఉద్యోగం వచ్చింది, పట్టా ఉన్న కుర్రాడు ఊరికొకడు తేలాడు. ఆ ఒక్కడికోసం పదిమంది తండ్రులు పోటీ. ఒక్క తరంలో శుల్కం పోయి కట్నం కూచుంది. కాళ్ళకూరి నారాయణరావుగారు 1920ల మొదట్లో వరవిక్రయం రాసేనాటికి గుండెలమీద చెయ్యేసుకునేవాడు పెళ్ళికూతురి తండ్రే. ఆ నాటకంలో కాళింది, తనకోసం తండ్రి ఆస్తి అమ్ముకోవడం చూడలేక నూతిలో పడుతుంది. 1939లో సినిమాగా తీసినప్పుడు కాళిందిగా భానుమతి మొదటిసారి తెరమీదకి వచ్చింది. కట్నం కూడదని మన రాష్ట్రంలో 1958లోనే చట్టం చేశారు, దేశమంతటికీ 1961లో వచ్చింది. అప్పటినుంచీ మనవాళ్ళు కట్నం అనడం మానేసి ‘లాంఛనాలు’ అంటున్నారు.

కట్నం సంగతి అలా ఉంచండి. అయిదురోజుల పెళ్ళి సామాన్యులు ఎలా చెయ్యగలిగారు? నాకు చిన్నప్పటినుంచీ ఇదే ఆశ్చర్యం. స్నాతకం, కాశీయాత్ర, ఎదురుకోలు, అర్ధరాత్రి ముహూర్తం, జీలకర్రా బెల్లం, తలంబ్రాలు, అరుంధతీ నక్షత్రం, బంతులాట, సదస్యం, నాలుగోనాటి శేషహోమం, ఆపైన నాకబలి, అదే మనం నాగవల్లి అంటాం, అప్పుడు అప్పగింతలు. విడిదింట్లో యాభై మంది మకాం. పొద్దున్నే పందుంపుల్లల దగ్గర్నుంచి రాత్రి తాంబూలం దాకా ఎవరికీ ఏ లోటూ రాకూడదు. వస్తే అలక!

మా అమ్మమ్మ చెప్పగా విన్నది ఇదీ. అప్పటి పెళ్ళిలో రొక్కం చేతులు మారేది తక్కువ. బియ్యం గాదెలోవి, పెరుగు పాడిలోది, కూరలు పెరటివి. కుమ్మరి ఐరేనికుండలు తెచ్చేవాడు, మేదరి తట్టలూ విసనకర్రలూ, కంసాలి పుస్తెలు, మంగలి సన్నాయి మేళం, చాకలి కాగడాలు. వాళ్ళకి కళ్ళంలో ఏటా ముట్టే ధాన్యపు మేరలోనే సగం పని జమ అయిపోయేది. విస్తళ్ళు కుట్టడం, అప్పడాలు ఒత్తడం, సున్నుండలు చుట్టడం ఇరుగుపొరుగు ఆడవాళ్ళ వంతు. రేపు వాళ్ళింట్లో పెళ్ళికి మనం వెళ్ళాలి. చదివింపులు కూడా అంతే. పేరు పిలిచి, అంకె చదివి, పుస్తకంలో ఎక్కించేవారు ఎందుకనుకున్నారు? అది వడ్డీ లేని చేబదులు. వాళ్ళ పిల్ల పెళ్ళికి పుస్తకం తీసి చూసి, పైన ఇంకో రూపాయి వేసి తీర్చాలి. ఊరే ఒక చీటీపాట అన్నమాట.

ఇదంతా చెప్పి ఆ రోజులే బంగారం అనను. కాగడా మోసిన చాకలికీ, పల్లకీ మోసిన బోయీకీ ఆఖరి బంతిలోనైనా వేడి అన్నం దొరికేదా అని అమ్మమ్మని అడిగితే తల తిప్పేసుకుంది. ఆ చవకంతా వాళ్ళ భుజాలమీద వచ్చిన చవకే.

చదివింపులంటే నూటపదహార్లు గుర్తుకొస్తాయి. హైదరాబాదు హాలీ రూపాయలు నూటపదహారు చిల్లర పెడితేగాని వంద బ్రిటిషు రూపాయలు వచ్చేవి కావు, అందుకే ఆ అంకె స్థిరపడిందని కొందరంటారు. మారకం మాట నిజమే. కాని హాలీ రూపాయి మొహం ఎరగని గోదావరి జిల్లాలవాళ్ళు కూడా నూటపదహార్లే చదివించారే! నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఆ అంకె బలం చూడండి. తెలంగాణలో 2014లో కల్యాణలక్ష్మి పథకం పెట్టినప్పుడు 51,000 ఇచ్చారు, 2017లో పెంచి 75,116 చేశారు, 2018లో 1,00,116. సర్కారు వారి ఖజానా కూడా పదహారు కలపందే చదివింపు చదివించలేకపోయింది.

మరి అయిదురోజులు ఎప్పుడు తగ్గాయి? శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది, ఆడపిల్లకి పధ్నాలుగు నిండాలని. అది వచ్చేలోగా దేశమంతటా పందిళ్ళే పందిళ్ళు. అక్కనీ చెల్లినీ ఉయ్యాల్లో పాపనీ ఒకే పందిట్లో కూచోబెట్టినవాళ్ళున్నారు, ఖర్చూ కలిసొస్తుంది కదా. గడువు దాటాక మన గోదావరి జిల్లాలవాళ్ళు పడవెక్కి యానాం వెళ్ళేవారు. అది ఫ్రెంచివాళ్ళది, ఇక్కడి చట్టం అక్కడ చెల్లదు. ఆ ఊరికి కల్యాణపురం అని పేరే పడిపోయింది. చట్టాన్ని తప్పించుకోవడానికి అంత దూరం వెళ్ళినవాళ్ళు అక్కడ అయిదురోజులు విడిది చెయ్యలేరుగా!

ఆపైన యుద్ధం. మా అమ్మమ్మ పెళ్ళి 1945లో. బియ్యానికి కంట్రోలు, పంచదారకి కంట్రోలు, కిరసనాయిలుకి కంట్రోలు, ఆఖరికి పట్టుచీర కింద కట్టుకునే గుడ్డకీ కంట్రోలే. మగపెళ్ళివారే కబురు పెట్టారట, మూడురోజులు చాలు బావగారూ అని. బెల్లం లడ్డూలు చేశారు. ఆ లడ్డూల రుచి గురించి తొంభై ఏళ్ళ వయసులోనూ అమ్మమ్మ ఒక్క మంచిమాట అనలేదు. 1952లో రాజాజీ కంట్రోళ్ళు ఎత్తేశారుగాని పోయిన రెండురోజులూ తిరిగి రాలేదు. ఉద్యోగస్థులకి సెలవులేవీ? మా అమ్మ పెళ్ళికి అది ఒకటిన్నర రోజయింది, సత్రం అద్దె లెక్కన.

ఇంకోవైపు ఖర్చు కాదు, మంత్రమే ఎందుకన్నవాళ్ళు వచ్చారు. తెనాలిలో త్రిపురనేని రామస్వామి చౌదరిగారు వధూవరులకి అర్థమయ్యేలా తెలుగులో ‘వివాహవిధి’ రాసి తామే పెళ్ళిళ్ళు జరిపించారు. కృష్ణా జిల్లాలో కమ్యూనిస్టు కుటుంబాల్లో దండల పెళ్ళిళ్ళు. రెండు పూలదండలు, ఒక ఉపన్యాసం, టీ. వీటన్నిటికంటే ముందు రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న వీరేశలింగంగారు చేయించిన మొదటి వితంతు వివాహం ఉంది. వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు రాలేదు. రాజ్యలక్ష్మమ్మగారు గోదావరినుంచి నీళ్ళు తెచ్చి తామే వండి వడ్డించారట. ఆ పెళ్ళి ఖర్చు ఎంతయిందని లెక్క కడితే ఆవిడ బిందెలు ఏ పద్దులో రాస్తారు?

ఈ పాత పద్దులన్నీ నేను తిరగెయ్యడానికి కారణం మా అన్నయ్య కూతురి పెళ్ళి. ఈవెంటు మేనేజరు అనే అబ్బాయి ఒక కాగితం ఇచ్చి వెళ్ళాడు. మెహందీ ఒకరోజు, హల్దీ ఒకరోజు, సంగీత్ ఒకరోజు, ముహూర్తం, రిసెప్షను. లెక్కపెట్టి చూస్తే, అయిదురోజులు! తాతలనాటి అయిదురోజులూ దొడ్డిదారిన తిరిగొచ్చాయి, కాకపోతే ఈసారి గాదెలో బియ్యం లేవు, ప్రతిదానికీ రొక్కమే. హల్దీ అంటే మన మంగళస్నానాలు కాదూ అన్నాను. “కాదు మేడమ్, అది ట్రెడిషనల్, ఇది ఫంక్షన్” అన్నాడు. రెండూ ఉన్నాయి కాగితంలో.

మా అన్నయ్య ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నాన్న పోయాక తన వాటాకి వచ్చిన కొబ్బరితోట బేరం పెట్టాడు. ఎవరికీ చెప్పకుండా. చెప్పింది తోట కాపలా వెంకడు.

“అత్తా, నాన్న తోట అమ్మితే నేను పీటలమీద కూచోను. రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్తాం” అంది పిల్ల. నాకు ఒక్కసారి కాళింది కళ్ళముందు మెదిలింది. కాని ఇది నూతులవైపు చూసే పిల్ల కాదు, నెలజీతం తెచ్చుకునే పిల్ల. అన్నయ్య మాత్రం “నీకేం తెలుసే, నలుగురూ ఏమంటారు” అని నామీద కేకలేశాడు.

తీరా చూస్తే వాళ్ళు ఏదీ అడగలేదు. కట్నం మాట అసలే లేదు. పెళ్ళికొడుకు తల్లి మా వదినతో అన్నదల్లా ఇదీ: “మా అత్తగారిది దండల పెళ్ళి వదినగారూ. మాదీ అదే. నా నెత్తిన ఎవరూ తలంబ్రాలు పొయ్యలేదు. వీడి పెళ్ళి మాత్రం మీరు చేసుకునే పద్ధతిలో కళ్ళారా చూడాలని ఉంది.” ఆవిడ అడిగింది మంత్రమూ, తలంబ్రాలూ, నాగవల్లీ. మా అన్నయ్య విన్నది అయిదురోజులూ, అయిదువందల విస్తళ్ళూ.

నేనూ వదినా కూచుని కాగితం విప్పాం. నిజం చెబుతున్నాను, క్రతువు ఖర్చు కాగితంలో పదోవంతు కూడా లేదు. జీలకర్ర, బెల్లం, బియ్యం, పసుపు, కుండలు, నెయ్యి, పురోహితుడి దక్షిణ. మిగతాదంతా వేదిక అలంకారమూ, డ్రోన్ కెమెరా, ఎవరూ ముట్టని పదకొండు రకాల స్వీట్లూను. ఆవిడకే ఫోన్ చేసి కాగితం చదివి వినిపించింది వదిన. “అయ్యో, ఇవన్నీ ఎవరడిగారండీ!” అని ఆవిడ నవ్వి, అయిన ఖర్చు చెరిసగం అని తనే అంది. అన్నయ్యకి అది అవమానంగా తోచి రెండురోజులు మాట్లాడలేదు. మూడోరోజు విరించిపురం శాసనం చెప్పాను. “వాళ్ళు పిల్లకి బంగారం ఇచ్చినవాణ్ణి వెలేశారు, సగం ఖర్చు పెట్టుకున్నవాణ్ణి కాదు” అన్నాను. నవ్వలేదుగాని తోట కొంటానన్న మనిషికి ఫోన్ చేసి వద్దన్నాడు.

పెళ్ళి మాఘమాసంలో, మా ఊళ్ళో నాన్న కట్టించిన ఇంటిముందే పందిరి. రెండురోజులు. రెండోరోజు పొద్దున్న నాగవల్లి, బంతులాటకి పూలచెండ్లు మా పిన్ని కడతానంది. మెహందీ పిల్లలు వాళ్ళ డబ్బుతో వాళ్ళే చేసుకుంటారట, మమ్మల్ని రావద్దన్నారు. అరటాకులకి బయానా ఇచ్చాం. సన్నాయి ఆయన మాత్రం ఇంకా ఖాయంగా చెప్పలేదు. ఆ ముహూర్తానికే ఆయనకి మరో రెండు పెళ్ళిళ్ళున్నాయి, ఎక్కువ ఇచ్చేవాళ్ళకే వస్తాట్ట.